గోడ పగులు దగ్గర మొదలయ్యే పాఠం

బెల్లంపల్లి అంటే ఒకప్పుడు బొగ్గుబాయిలు. ఇప్పుడు సింగరేణి బెల్లంపల్లి ఏరియా బొగ్గు ఖైరిగూడ వంటి ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. బాయి కష్టం ఎక్కువగా దిగినవాడికే తెలిసేది. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్ అదురు, దుమ్ము మాత్రం పక్క ఊరి గడప దాకా వస్తాయి. అందుకే పర్యావరణ చట్టం నేర్చుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి బడి దొరకదు.

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా కోర్సులో పర్యావరణ చట్టం తప్పనిసరి. క్లినిక్ పాఠాలు, అంటే పని చేస్తూ నేర్చుకునేవీ తప్పనిసరే. ఈ రెంటినీ కలిపితే అదే పర్యావరణ చట్ట క్లినిక్. వైద్య విద్యార్థి రోగి మంచం దగ్గర నేర్చుకున్నట్టు, లా విద్యార్థి బాధితుడి ఇంటి ముందు నేర్చుకుంటాడు. లా కాలేజీలు న్యాయ సేవల క్లినిక్ పెట్టుకోవడానికి జాతీయ న్యాయ సేవల సంస్థ 2011 నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి.

ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లో ఒకరి గోడ పగిలిందనుకుందాం. విద్యార్థికి వెంటనే గుర్తొచ్చేది జీవించే హక్కు గురించి చెప్పే రాజ్యాంగంలోని 21వ అధికరణం. గురువు అక్కడే ఆపాలి. ముందు నోట్‌బుక్కులో తేదీ రాయించాలి. పగులు ఎప్పుడు కనబడింది? ఆ రోజు బ్లాస్టింగ్ ఎన్ని గంటలకు జరిగింది? ఇల్లు ఎంత దూరం? గని సంస్థకు చెందని ఇళ్ల దగ్గర అదురు ఎంత మించకూడదో గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే చెప్పింది. తక్కువ ఫ్రీక్వెన్సీలో అది సెకనుకు 5 మిల్లీమీటర్లు. ‘ఇల్లు ఊగింది’ అన్న ఇంటామె మాటను ఈ కొలత పక్కన పెట్టి చూడగలిగిన రోజున విద్యార్థి లాయరు కావడం మొదలవుతుంది.

తర్వాత కాగితాలు. ప్రతి గని పర్యావరణ అనుమతి లేఖలో షరతులుంటాయి. వాటిని ఎలా పాటిస్తున్నదీ సంస్థ ఏడాదికి రెండుసార్లు నివేదిక ఇవ్వాలి. దొరకని కాగితాన్ని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగవచ్చు. నివేదికలో రాసింది ఊళ్లో కనిపిస్తోందా? ఈ పోలికే క్లినిక్ అసలు పని.

ఇక గడువులు. కొత్త అనుమతిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60. నష్టపరిహారం అడగడానికి అయిదేళ్లు. తెలంగాణ కేసులు వినే దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. గడువు దాటితే ఎంత న్యాయమైన బాధైనా గుమ్మం బయటే ఆగిపోతుంది.

విద్యార్థి నల్లకోటు వేసుకుని వాదించలేడు. న్యాయవాదుల చట్టం ఒప్పుకోదు. అయితే ట్రిబ్యునల్‌లో బాధితుడు తానే నిలబడి చెప్పుకోవచ్చు. ఆయన చేతిలో ఉండాల్సిన తేదీల పట్టిక, ఫొటోలు, దరఖాస్తు ముసాయిదా సిద్ధం చేయడం విద్యార్థి చేయగల పనే.

క్లినిక్ అవసరం మరీ ఎక్కువగా కనబడేది గని అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఆ నెల రోజుల్లో విద్యార్థులు వాడకట్టులో కూర్చుని సారాంశం చదివి వినిపిస్తే, మైకు ముందు రైతు ‘మా ఊరికి నష్టం’ అనడంతో ఆగడు. ‘మా చెరువులోకి వచ్చే ఒర్రె మీ మ్యాపులో ఎందుకు లేదు?’ అని అడగగలడు.

సభ చివర మినిట్స్‌ను స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలని అదే నోటిఫికేషన్ చెబుతోంది. చాలామంది అప్పటికే లేచి వెళ్లిపోతారు. క్లినిక్ విద్యార్థి చివరిదాకా కూర్చోవాలి. రైతు అడిగిన ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కిందో లేదో విని, ఎక్కకపోతే లేచి చెప్పాలి. రేపు ఏ ట్రిబ్యునల్ అయినా చూసేది ఆ కాగితాన్నే.