విద్యుత్ ప్రసార లైను పరామితులు

విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి అయిన విద్యుత్తును దూరప్రాంతాల సబ్‌స్టేషన్లకు చేరవేసే తీగల వ్యవస్థను '''ప్రసార లైను''' అంటారు. ఆ లైను ఎంత విద్యుత్తును మోయగలదో, దారిలో ఎంత నష్టపోతుందో, చివరి కొస వద్ద వోల్టేజి ఎంత ఉంటుందో నిర్ణయించే రాశులను '''ప్రసార లైను పరామితులు''' అంటారు. అవి నాలుగు: నిరోధం, ప్రేరకత్వం, కెపాసిటెన్సు, వాహకత్వం. వీటిని సాధారణంగా ఒక్కొక్క ఫేజు తీగకు, కిలోమీటరు పొడవుకు లెక్కిస్తారు. వీటిలో నిరోధం ప్రధానంగా తీగ లోహాన్ని, మందాన్ని బట్టి ఉంటుంది. ప్రేరకత్వం, కెపాసిటెన్సులు మాత్రం తీగల మధ్యనున్న ఖాళీ స్థలంలోని అయస్కాంత, విద్యుత్ క్షేత్రాల మీద ఆధారపడతాయి.

'''నేపథ్యం'''

గోదావరి నదిపై ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన, పోలవరం వద్ద నిర్మిస్తున్న బహుళార్థసాధక ప్రాజెక్టును 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. దీని ఎడమ పార్శ్వంలోని జలవిద్యుత్ కేంద్రానికి నిర్దేశించిన సామర్థ్యం 960 మెగావాట్లు. ఒక్కొక్కటి 80 మెగావాట్ల చొప్పున 12 కాప్లాన్ టర్బైన్లు ఇందులో ఉంటాయి. ఇంత విద్యుత్తును వినియోగదారులకు చేర్చడానికి ఏ వోల్టేజి, ఎన్ని లైన్లు అవసరమన్న ప్రశ్నకు సమాధానం ఈ నాలుగు పరామితుల నుండే లభిస్తుంది.

'''నాలుగు పరామితులు'''

'''నిరోధం:''' తీగ పొడవుకు అనులోమంగానూ, అడ్డుకోత వైశాల్యానికి విలోమంగానూ ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగితే నిరోధం కూడా పెరుగుతుంది. అల్యూమినియం తీగ 20 డిగ్రీల నుండి 75 డిగ్రీలకు వేడెక్కితే నిరోధం సుమారు 22 శాతం అధికమవుతుంది. ఏకాంతర విద్యుత్తు తీగ పైపొరల గుండా ఎక్కువగా ప్రవహించడం వలన కూడా ఇది కొంత పెరుగుతుంది.

'''ప్రేరకత్వం:''' ప్రవాహం చుట్టూ ఏర్పడే అయస్కాంత అభివాహానికి కొలమానం. దీని సూత్రం:

ప్రేరకత్వం (హెన్రీ/మీటరు) = 2 × 10⁻⁷ × సహజ సంవర్గమానం (తీగల మధ్య దూరం ÷ ఫలిత వ్యాసార్ధం)

మూడు ఫేజుల మధ్య మూడు దూరాలు ఉంటాయి కనుక వాటి గుణోత్తర మధ్యమాన్ని తీసుకుంటారు. తీగ లోపలి అభివాహాన్ని కూడా కలుపుకోవడానికి అసలు వ్యాసార్ధానికి బదులు దానిని 0.7788తో గుణించగా వచ్చే ఫలిత వ్యాసార్ధాన్ని వాడతారు. ఈ గుణకం గుండ్రని గట్టి కడ్డీకి వర్తిస్తుంది. పేనిన తీగకు స్వల్పంగా మారుతుంది. మూడు ఫేజుల విలువలు సమానంగా ఉండడానికి లైను పొడవునా తీగల స్థానాలను వంతులవారీగా మారుస్తారు.

'''కెపాసిటెన్సు:''' రెండు తీగలు, వాటి నడుమ గాలి కలిసి ఒక కెపాసిటరు వలె పనిచేస్తాయి.

కెపాసిటెన్సు (ఫారడ్/మీటరు) = 55.63 × 10⁻¹² ÷ సహజ సంవర్గమానం (తీగల మధ్య దూరం ÷ వ్యాసార్ధం)

విద్యుదావేశం తీగ ఉపరితలం మీదనే ఉంటుంది కాబట్టి ఇక్కడ అసలు వ్యాసార్ధాన్నే వాడతారు. నేల ప్రభావం వలన ఈ విలువ కొద్దిగా పెరుగుతుంది.

'''వాహకత్వం:''' ఇన్సులేటర్ల ఉపరితలం గుండా కారిపోయే విద్యుత్తును సూచిస్తుంది. పొడి వాతావరణంలో దీనిని వదిలివేయవచ్చు. సముద్రతీర ప్రాంతాలలో ఇన్సులేటర్లపై ఉప్పు పేరుకొని, మంచుకు తడిసినపుడు ఇది లెక్కించదగినంత అవుతుంది.

'''ఉదాహరణ'''

220 కిలోవోల్టుల (కె.వి.) లైనుకు "జీబ్రా" అనే తీగను వాడారనుకుందాం. ఇందులో 54 అల్యూమినియం పోగులు, బలం కోసం నడుమ 7 ఉక్కు పోగులు ఉంటాయి. మొత్తం వ్యాసం 28.62 మిల్లీమీటర్లు. తీగల మధ్య గుణోత్తర మధ్యమ దూరం 7 మీటర్లనుకుంటే కిలోమీటరుకు ఈ విలువలు వస్తాయి:

* నిరోధం: సుమారు 0.07 ఓములు (20 డిగ్రీల వద్ద)
* ప్రేరకత్వం: 1.29 మిల్లీహెన్రీలు
* 50 హెర్ట్జ్ వద్ద రియాక్టెన్సు: 0.405 ఓములు
* కెపాసిటెన్సు: 0.009 మైక్రోఫారడ్లు

ఈ లైనులో ప్రవాహాన్ని ప్రధానంగా అడ్డగించేది నిరోధం కాదనీ, దానికి దాదాపు ఆరు రెట్లున్న రియాక్టెన్సు అనీ గమనించవచ్చు. ప్రేరకత్వం, కెపాసిటెన్సుల లబ్ధపు వర్గమూలానికి విలోమం లైనులో తరంగవేగాన్ని ఇస్తుంది. ఇక్కడ అది సెకనుకు సుమారు 2.94 లక్షల కిలోమీటర్లు. కాంతివేగానికి ఇంత దగ్గరగా ఉండడం లెక్క సరిపోయిందనడానికి గుర్తు.

'''పోలవరానికి అన్వయం'''

ప్రేరకత్వాన్ని కెపాసిటెన్సుతో భాగించి వర్గమూలం తీస్తే '''సర్జ్ ఇంపిడెన్సు''' వస్తుంది. పై లైనుకు అది 379 ఓములు. వోల్టేజి వర్గాన్ని దీనితో భాగిస్తే లైను యొక్క '''సహజ భారం''' తెలుస్తుంది. ఆ భారం వద్ద ప్రేరకత్వం కోరే రియాక్టివ్ శక్తిని కెపాసిటెన్సే సమకూరుస్తుంది. 220 కె.వి. వద్ద ఇది సుమారు 128 మెగావాట్లు. ఈ లెక్కన 960 మెగావాట్లకు ఎనిమిది సర్క్యూట్లు కావాలి.

400 కె.వి. లైనులో ఫేజుకు 31.77 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండేసి "మూస్" తీగలను 45 సెంటీమీటర్ల ఎడంతో అమర్చి, ఫేజుల మధ్య దూరం 12 మీటర్లుగా తీసుకుంటే సర్జ్ ఇంపిడెన్సు సుమారు 301 ఓములకు తగ్గుతుంది. సహజ భారం 532 మెగావాట్లకు పెరుగుతుంది. అప్పుడు రెండు సర్క్యూట్లు సరిపోతాయి. అయితే సహజ భారం ఒక ప్రమాణమే గాని కచ్చితమైన హద్దు కాదు. తక్కువ పొడవు గల లైన్లలో తీగ వేడెక్కడమే అసలు హద్దు. ఒక లైను చెడిపోయినా మిగిలినవి భారం మోయగలగాలి కనుక అదనపు సర్క్యూట్లు కూడా అవసరమవుతాయి.

గోదావరి ప్రవాహంలో అధికభాగం జూన్ నుండి అక్టోబరు వరకే ఉంటుంది. కావున ఇటువంటి కేంద్రం లైన్లపై వర్షాకాలంలో పూర్తి భారం, వేసవిలో స్వల్ప భారం ఉంటాయి. భారం ఎక్కువైతే చివరి కొస వద్ద వోల్టేజి పడిపోతుంది. భారం లేనపుడు కెపాసిటెన్సు వలన వోల్టేజి పెరుగుతుంది. దీనిని '''ఫెరాంటీ ప్రభావం''' అంటారు. పై 220 కె.వి. లైను 200 కిలోమీటర్ల పొడవుంటే భారం లేని కొస వద్ద వోల్టేజి సుమారు 225 కె.వి.కి చేరుతుంది. ఈ పెరుగుదలను అదుపు చేయడానికి రియాక్టర్లను అమరుస్తారు.

'''రక్షణలో ప్రాముఖ్యత'''

లైనును కాపాడే దూరమాపక రిలే, వోల్టేజిని ప్రవాహంతో భాగించి లోపం ఎంత దూరంలో ఉన్నదో అంచనా వేస్తుంది. దానికి ముందుగా ఇచ్చే విలువ లైను పరామితుల నుండి లెక్కించినదే. 2012 జూలై 30న బీనా–గ్వాలియర్ 400 కె.వి. లైనుపై భారం మితిమీరినపుడు రిలే దానిని లోపంగా గుర్తించి లైనును విడదీసింది. ఫలితంగా ఉత్తర భారతదేశం అంధకారంలో మునిగింది. కాబట్టి పరామితుల లెక్క లైను నిర్మాణంతో ముగియదు. లైను పనిచేసినంత కాలమూ దాని రక్షణకు అదే ఆధారం.