కాలిన హీటరును పారేయకండి

తిరువూరులో ఇళ్లకు వైరింగు పని చేస్తాను. చలికాలం వస్తే బకెట్లో నీళ్లు కాచే హీటరు రాడ్లంటేనే నాకు భయం. మొన్నొక ఇంట్లో ప్లగ్గు కరిగి మంట కర్టెనుకు అంటుకుంది. పిన్నులు నల్లబడ్డాయి, వైరు తొడుగు చుక్కలు చుక్కలుగా కారి గట్టిపడింది. ఆ రాడ్డును చెత్తలో వేయబోతుంటే ఆపాను. కేసుకు అదే సాక్ష్యం!

వస్తువు తయారీలో లోపముండి నష్టం జరిగితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పరిహారం బాధ్యత కంపెనీదే. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మిన షాపువాడు బాధ్యుడవుతాడు. అయితే మనమే వైరు కోసి అతుకులు వేసినా, తప్పుగా వాడినా దావా నిలవడం కష్టం.

ఐఎస్‌ఐ గుర్తు చూసి, బిల్లు తీసుకునే కొనండి. ప్రమాదం జరిగితే ఫొటోలు తీసి, ఫైర్ స్టేషన్ రిపోర్టు అడగండి. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. సలహాకు 1915కి ఫోన్ చేయండి.