ఒక్క ప్రత్యుదాహరణ చాలును

రెండు సంఖ్యల లబ్ధము వాని గ.సా.భా., క.సా.గు.ల లబ్ధమునకు సమానమను సూత్రము విద్యార్థులందఱకు కంఠస్థమే. చిక్కు అచ్చటనే కలదు. పెక్కుమంది దీనిని మూడు సంఖ్యలకు సైతము నిస్సంకోచముగ వర్తింపజేసి పరీక్షలో మార్కులు పోగొట్టుకొందురు.

6, 10, 15లను చూడుడు. ఈ మూటి గ.సా.భా. 1, క.సా.గు. 30. లబ్ధమో, 900! కారణము సులభమే. సంఖ్యలు రెండైనపుడు ప్రతి ప్రధాన కారణాంకము యొక్క చిన్న ఘాతము గ.సా.భా.లోను, పెద్ద ఘాతము క.సా.గు.లోను చేరును, ఏదియు మిగులదు. మూడైనచో నడిమి ఘాతమునకు ఎచ్చటను చోటు లేదు. ఇచ్చట అట్లు జారిపోయినవి 2, 3, 5. వాని లబ్ధమగు 30యే లెక్కలో కొఱవడినది. ఇవే సంఖ్యలు మఱియొక భ్రమను గూడ తొలగించును: మూటి గ.సా.భా. 1 అయినను, వానిలో ఏ రెండును పరస్పర ప్రధానములు కావు.

వంద ఉదాహరణలు సరిపోయినవి గదా యని తృప్తిపడువారికి ఒక విచిత్రము. ఏదేని సంఖ్య 17వ ఘాతమునకు 9 కూడుడు. దాని తరువాతి సంఖ్యకును అట్లే చేయుడు. ఈ రెండు ఫలితముల గ.సా.భా. ఎంతదూరము పోయినను 1గానే కనిపించును. అది తప్పు తొలి సంఖ్యకు 52 అంకెలు! ఒక్కొక్కటిగా ప్రయత్నించి దానిని చేరుట అసాధ్యము. బీజగణితము వలననే అది చిక్కినది.