సీలు మార్చినా ఆగని చమురు

ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మిగిలిన కార్ల కింద చమురు మరకలు మాత్రం ఆగలేదు. వెనుక ఇరుసునుండి గేర్ ఆయిల్ కారితే వెంటనే సీలు మార్పిస్తాం. నెల తిరగకుండానే మళ్ళీ మరక!

ఇరుసు గొట్టంపై బ్రీదర్ అనే చిన్న గాలిదారి ఉంటుంది. దానిని పట్టించుకునేవారు అరుదు. అది మట్టితో పూడిపోతే, ప్రయాణంలో వేడెక్కి వ్యాకోచించిన గాలి బయటికి పోలేక చమురును సీళ్ళమీదికి నెడుతుంది. కొత్త సీలు సైతం ఆ ఒత్తిడికి ఆగదు. కనుక ముందు బ్రీదర్‌ను శుభ్రపరచాలి. అప్పటికీ కారితేనే సీలు. చమురు నింపే రంధ్రం అంచు వరకే పోయాలి. ఎలాగూ కారుతోంది గదా అని ఎక్కువ పోస్తే మరింత కారుతుంది.

చక్రం లోపలివైపు తడి కనిపిస్తే మాత్రం జాప్యం తగదు. చమురు అంటిన లైనింగులతో బ్రేకు పట్టదు. వాటిని పెట్రోలుతో కడిగి తిరిగి బిగించడం కొందరి అలవాటు, అవి మార్చవలసినవే.