దెయ్యం సినిమా పసిపిల్లలు చూడొచ్చా?

పేరుమోసిన దెయ్యం సినిమా ఊళ్ళోకి వచ్చిందంటే రెండో ఆట జనంలో నాలుగైదేళ్ళ పిల్లలు కూడా కనిపిస్తారు. ఇంట్లో వదిలి వెళ్దామంటే చూసేవారుండరు. "ఇంటర్వెల్ లోపే నిద్రపోతాడులే" అన్న ధీమా ఒకటి. తీరా ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది పెద్దవాళ్ళు. పిల్లవాడికి కునుకుండదు. మర్నాటి నుంచి దొడ్లోకి ఒంటరిగా వెళ్ళడు. లైటు ఆర్పనివ్వడు. తల్లి కొంగు వదలడు. "మగపిల్లాడివి, ఇంత పిరికితనమేమిటిరా" అని తండ్రి కసురుకుంటాడు.

ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. ఏ వయసులో ఏది చూపించాలో నిర్ణయించవలసింది పెద్దలు. మరి ఆ నిర్ణయానికి ఆధారం ఏమిటి?

బేతాళ కథకు లేని భయం

"మేం చిన్నప్పుడు దెయ్యాల కథలు వినలేదా? మాకేమైంది?" అని అడిగే తాతయ్యలున్నారు. నిజమే. చందమామలో శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూస్తూ తరాలు పెరిగాయి. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉందని వింటూ నిద్రపోయిన వారికి లెక్కలేదు.

కానీ కథకూ సినిమాకూ తేడా ఉంది. అమ్మమ్మ చెప్పే కథలో రాక్షసుడు ఎంత ఉండాలో వినే పిల్లవాడే ఊహించుకుంటాడు. తన ఊహకు అందినంతే భయపడతాడు. వాడు బెదిరి దగ్గరకు జరిగితే అమ్మమ్మ గొంతు తగ్గిస్తుంది, కథను రాజకుమారుడి వైపు మళ్ళిస్తుంది. సినిమా అలా కాదు. గోడంత బొమ్మ చీకట్లో పెద్ద చప్పుడుతో మీద పడుతుంది. పిల్లవాడు బెదిరాడని ఆట ఆగదు. కళ్ళు మూసుకున్నా చెవులు తెరిచే ఉంటాయి. దెయ్యం సినిమాల్లో భయమంతా బొమ్మలోనే ఉండదు, చాలాభాగం చప్పుడులో ఉంటుంది.

1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి నుంచి, 1992లో రాత్రి, 2009లో అరుంధతి, 2022లో మసూద దాకా ఏ తరానికి ఆ తరం భయపెట్టే సినిమా ఉండనే ఉంది. పెద్దలు డబ్బిచ్చి కొనుక్కునే సరదా అది. భయపడినా అది బొమ్మేనని వారికి తెలుసు. ఆ తెలివి పసివాడికి ఇంకా రాలేదు.

ఏ వయసుకు ఆ భయం

పిల్లల భయాలపై అమెరికాలో జోన్ కాంటర్ అనే ఆచార్యురాలు చాలాకాలం పరిశోధన చేశారు. ఆమె, ఇతర పరిశోధకులు తేల్చిన ముఖ్య విషయం ఒకటుంది. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు రూపం చూసి భయపడతారు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న విచారణ వారికి తరువాత. అక్కడి టీవీలో హల్క్ అనే ధారావాహిక వచ్చేది. మంచి మనిషి ఒకడు పచ్చటి భీకరాకారంగా మారి ఆపదలో ఉన్నవారిని కాపాడతాడు. పెద్ద పిల్లలు అతణ్ణి కాపాడేవాడిగా చూశారు. చిన్నపిల్లలు మాత్రం మనిషి మారిపోయే ఘట్టానికే హడలిపోయారు.

మనకు తెలిసిన చంద్రముఖినే తీసుకోండి. 2005లో వచ్చిన ఆ సినిమాలో నిజానికి దెయ్యమే లేదు. అది గంగకు వచ్చిన మానసిక వ్యాధి అని వైద్యుడు విడమరచి చెబుతాడు. ఆ మాట విని పెద్దవాళ్ళు తేలిక పడి బయటికి వస్తారు. అయిదేళ్ళ పిల్ల ఆ వివరణను ఇంటికి తెచ్చుకోదు. జ్యోతిక కళ్ళు మాత్రం తెచ్చుకుంటుంది. అంతవరకు నవ్వుతూ తిరిగిన అక్క ఉన్నట్టుండి అలా మారిపోతే, రేపు అమ్మ కూడా మారదని నమ్మకమేమిటి?

అందుకే "ఉత్తిదేనమ్మా, సినిమాయే కదా" అన్న మాట ఆ వయసులో పెద్దగా పనిచేయదు. ఎనిమిది, తొమ్మిదేళ్ళు దాటినవారికి అదే మాట కొంత ధైర్యమిస్తుంది. అయితే వారికి వేరే భయం మొదలవుతుంది. దొంగలు, హత్యలు, పిల్లల్ని ఎత్తుకుపోవడం వంటి నిజంగా జరగగలిగేవి వారిని ఎక్కువగా వేధిస్తాయి.

ఈ భయం రెండు రోజుల్లో పోతుందనీ అనుకోనక్కరలేదు. 1999లో కాంటర్, హారిసన్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో 153 మంది కళాశాల విద్యార్థులను ప్రశ్నించారు. తెర మీద చూసిన దానికి ఎప్పుడో ఒకప్పుడు గట్టిగా భయపడ్డామని 90 శాతం చెప్పారు. ఆ బెదురు ఇప్పటికీ కొంత మిగిలే ఉందన్నవారు నూటికి 26 మంది.

సర్టిఫికెట్టు చెప్పేదెంత?

'ఎ' సర్టిఫికెట్టు సినిమా పెద్దలకే. అందులో తర్కం లేదు. 'యుఎ' దగ్గరే చిక్కు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యుఎను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు పైబడినవారికి అని మూడుగా విడగొట్టారు. అయితే ఈ వయసు గుర్తు తల్లిదండ్రుల ఆలోచన కోసమే. దాన్ని అమలు చేయవలసిందీ తల్లిదండ్రులో సంరక్షకులో తప్ప వేరెవరూ కాదని చట్టమే చెప్పింది. అంటే గేటు దగ్గర టిక్కెట్టు చించేవాడు మన పిల్లవాణ్ణి ఆపుతాడని ఎదురుచూడటం దండగ.

ఇంట్లో ఆ గేటు కూడా లేదు. సెల్‌ఫోన్‌లో వేలు కదిపితే ఏ దెయ్యమైనా ప్రత్యక్షం. ఓటీటీ సంస్థలు పదమూడేళ్ళు, ఆపై వయసు గుర్తు ఉన్న వాటికి తాళం వేసుకునే వీలు కల్పించాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. తాళం ఉంది. వేయవలసింది మనమే.

చూపించే ముందు

ఏడెనిమిదేళ్ళు నిండేదాకా దెయ్యం సినిమాలు వద్దే వద్దు. ఆ తరువాతైనా ముందు పెద్దవాళ్ళు చూసి, తమ బిడ్డ తట్టుకోగలడో లేదో ఆలోచించాలి. ఒకే ఇంట్లో ఒకడు నవ్వుకునేది ఇంకొకడికి పీడకల కావచ్చు. మొదటిసారి పగటిపూట, ఇంట్లో, లైట్లు వేసుకొని, సౌండు తగ్గించి, పక్కన కూర్చొని చూపించడం మేలు. "చాలు" అన్న క్షణంలో ఆపేయాలి. హాల్లో అయితే లేచి బయటికి రావాలి. టిక్కెట్టు డబ్బుల కోసం బిడ్డను కుర్చీకి కట్టేయకూడదు. అన్నయ్య చూస్తున్నాడని తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టడం పొరపాటు.

బెదిరిన పిల్లవాడితో

పసివాడికి మాటలకన్నా స్పర్శ ముఖ్యం. దగ్గరకు తీసుకోండి, మంచినీళ్ళివ్వండి, కొన్నాళ్ళు పక్కన పడుకోబెట్టుకోండి, చిన్న దీపం ఉంచండి. కాస్త పెద్దవాడైతే భయపడ్డ ఘట్టం చెప్పమనండి, బొమ్మ గీయమనండి, రంగు పూసుకొని ఆ వేషం ఎలా వేస్తారో చెప్పండి. నలుగురిలో నవ్వవద్దు. "అన్నం తినకపోతే పశుపతి వస్తాడు" అన్న బెదిరింపు అసలే వద్దు. దిష్టి తీయడం పెద్దల తృప్తి. కానీ "వీడికేదో పట్టింది" అని వాడి ముందే అంటే లేని దెయ్యాన్ని మనమే ఖాయం చేసినట్టవుతుంది.

వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా, బడికి వెళ్ళనని మొరాయించినా పిల్లల వైద్యునికి చూపించాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోను చేసి కూడా సలహా అడగవచ్చు.

సినిమా ఎక్కడికీ పోదు. అయిదేళ్ళ వయసులో చూడలేనిది పదమూడో ఏట స్నేహితులతో కలిసి కేకలు పెడుతూ సరదాగా చూస్తాడు. అప్పటిదాకా ఆగడం వల్ల పిల్లవాడికి నష్టమేమీ లేదు.