గుండ్రటి గీతకు మెట్లెక్కడివి?

సైబర్ టవర్స్ గుండ్రంగా ఉంటుందని మాదాపూర్ దాటే బస్సులో పిల్లాడైనా చెప్తాడు. పై నుంచి చూస్తే నాలుగు పావులు కలిసిన వృత్తం. ఆ వృత్తాన్ని ఇంక్‌స్కేప్‌లాంటి ఏ వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనో గీసి, అంచులు నునుపు చేసే సదుపాయాన్ని ఆపేయండి. గుండ్రటి గోడ కాస్తా మెట్లబావి అంచులా కనిపిస్తుంది.

తప్పు గీతది కాదు. వెక్టర్ బొమ్మలో దాచి ఉండేది చుక్కలు కావు, వంపు ఎటు తిరగాలో చెప్పే సూత్రం. ఈ లెక్క పుట్టింది కార్ల కంపెనీల్లో: 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, తర్వాత రెనోలో పియర్ బెజియే. సూత్రంలో మెట్లుండవు. తెర మాత్రం గళ్ల నోటుబుక్కు. ఒక్కో గడికి ఒకే రంగు. గీత గడి మధ్యలోంచి పోతే ఆ గడి నల్లగా ఉండాలా, తెల్లగానా?

సగం నిండితే సగం నలుపు వేయడమే యాంటీ ఎలియాసింగ్. దూరం నుంచి బూడిదరంగు గళ్లను కన్ను నున్నటి అంచుగా చదువుకుంటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల నిలువు, అడ్డ గీతలు గళ్లలో ఇట్టే ఇమిడిపోతాయి. ఒంటినిండా వంపులే ఉన్న మన అక్షరాలకు ఈ బూడిదరంగు సాయం లేకపోతే గడవదు. తమాషా ఏమిటంటే, వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన 1998 నవంబరులోనే మైక్రోసాఫ్ట్ క్లియర్‌టైప్‌ను ప్రకటించింది. ఎల్‌సీడీ గడిలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలను విడివిడిగా వాడుకుని అడ్డంగా మూడింతల సన్నటి అంచు తెచ్చే పద్ధతి అది.

అయితే ఈ యాంటీ ఎలియాసింగ్ మందూ ఒక్కోసారి వికటిస్తుంది. మన నాలుగు పావులకూ ఒకే నీలం పూసి, సందు లేకుండా పక్కపక్కనే చేర్చండి. అతుకు గడి మధ్యలో పడితే అక్కడ వెంట్రుకంత తెల్లగీత మెరుస్తుంది. మొదటి పావు గడిలో సగం ఆక్రమించింది కాబట్టి సగం నీలం పడింది, 50 శాతం తెలుపు మిగిలింది. రెండో పావు కూడా సగమే అంటుంది. ఏ సగమో సాఫ్ట్‌వేర్‌కు గుర్తుండదు. మిగిలిన తెలుపులో సగాన్నే కప్పుతుంది. 25 శాతం తెలుపు అలాగే ఉండిపోతుంది! కింది ముక్కను పై ముక్క కిందికి కాస్త జరపడమో, యూనియన్ ఆదేశంతో అన్నిటినీ ఒకే ఆకారం చేయడమో దీనికి విరుగుడు.

జూమ్ చేసినా ఆ తెల్లగీత లావెక్కకపోతే అది తెర మాయ. మెట్లు జూమ్‌తోపాటు పెరిగితే లోపం బొమ్మలోనే ఉన్నట్టు. ఫ్లెక్సీ కోసం వాట్సాప్‌లో వచ్చిన చిన్న జేపీజీ లోగోను వెక్టర్‌గా ట్రేస్ చేసినప్పుడు జరిగేది ఇదే. ట్రేసింగ్ ప్రతి మెట్టునూ నిజమైన అంచనుకుని దానికో నోడ్ (గీతను పట్టి ఉంచే బిందువు) పెట్టేస్తుంది. పాపం, దానికేం తెలుసు! ఇక్కడ యాంటీ ఎలియాసింగ్ ఎంత పెంచినా లాభం లేదు, నోడ్‌లు తీసేయాలి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే గీత సరళమవుతుంది. మరీ ఎక్కువసార్లు నొక్కితే అక్షరాల మూలలు కరిగిపోతాయి. నేనైతే గుండ్రాలను చెరిపేసి మళ్లీ గీస్తాను. నిండు వృత్తానికి నాలుగు నోడ్‌లు చాలు. అసలు వృత్తంతో తేడా వ్యాసార్ధంలో పదివేలకు మూడు వంతులు దాటదు.