చిగుళ్ల వ్యాధి - డి.ఎన్.ఎ. పరీక్ష

చోడవరము చుట్టుపట్ల పల్లెలలో, నిప్పును నోటిలోపలికి పెట్టి అడ్డపొగ త్రాగు ముసలమ్మలను మనము ఎరుగుదుము. చిగుళ్లనుండి నెత్తురు రాలేదు గనుక పండ్లు గట్టివేయని తలంచుట పొరపాటు. పొగాకు నెత్తురు కారుటను అణచి, పయోరియా జాడను కప్పిపుచ్చును. నొప్పియు అంతగా ఉండదు. లోపల ఎముక మాత్రము కరగిపోవుచుండును.

పంటికిని చిగురుకును నడుమనున్న సందులో చేరు సూక్ష్మక్రిములు దీనికి మూలము. వానిలో ముఖ్యమైనది పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనునది. గాలి సోకిన నిలువజాలదు గనుక దానిని ప్రయోగశాలలో పెంచుట కష్టము. డి.ఎన్.ఎ. పరీక్షకు బ్రతికియున్న క్రిమి అక్కరలేదు. సన్నని కాగితపు పుల్లను ఆ సందులో కొలదిసేపు ఉంచి, తీసి, ప్రయోగశాలకు పంపుదురు. 1983లో కారీ మల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిని అనుసరించి, క్రిమి డి.ఎన్.ఎ.లో ఎంచుకొన్న భాగమును ఒక్కొక్క ఆవృత్తికి రెట్టింపు చేయుదురు. లెక్క ప్రకారము 30 ఆవృత్తులలో ఒక్క ప్రతి నూరు కోట్లు దాటును. ఇక దాని జాడ దాగదు.

అయినను, క్రిమి కనబడినంతనే రోగమున్నదని కాదు. ఆరోగ్యవంతుల నోటను అది ఉండవచ్చును. సందు లోతు కొలిచి, ఎక్స్‌రే చూచి రోగమును నిర్ణయించువాడు దంతవైద్యుడే. మొండిరోగములలో తగిన మందును ఎంచుటకు ఈ పరీక్ష తోడ్పడును. కాని గార తీయనిదే మందు క్రిములకు సరిగా తగులదు. కావున క్రిమి పేరు తెలియువరకు ఆగక, ముందుగా చుట్ట మాని, గార తీయించుకొందము.